నాణెం దొరికిందని చెప్పినవాళ్లు నష్టపోకూడదు
తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పురావస్తు, రెవెన్యూ, పోలీసు అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

పాత నాణేలను చదివేవాళ్లం, తూచి కొలిచి నమోదు చేసేవాళ్లం, మెటల్ డిటెక్టర్ ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. నేలలో నాణేలు దొరికినప్పుడు మామూలు మనుషులు ఎవరి దగ్గరికి వెళ్లాలో, వెళ్తే ఏం జరుగుతుందో స్పష్టంగా ప్రకటించమని ఇంతకుముందే వినతిపత్రాలు ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఆ తర్వాత ఒక్క ముక్క జవాబు లేదు. అది ఏ కార్యాలయం అన్నది ఇక్కడ అవసరం లేదు. రెండు రాష్ట్రాల్లోనూ సమస్య ఒకటే కాబట్టి అందరికీ కలిపి, ప్రజల ముందే పెడుతున్నాం.

చట్టానికి కట్టుబడి నాణేలు అప్పగించినవాడికి, గుట్టుగా కరిగించుకున్నవాడి కంటే మేలు జరగాలి. ఇవాళ జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు. ఎందుకో, ఎలాగో కింద వివరిస్తున్నాం.

వాస్తవాలు

1. నేలలో దొరికినవాటికి ఇప్పటికీ ఆధారం 1878 నాటి నిధి నిక్షేపాల చట్టమే. నేలలో దాగి ఉన్న, విలువ కలిగిన ఏ వస్తువైనా దాని లెక్కలో నిధే. పది రూపాయలకు మించిన నిధి దొరికితే వీలైనంత త్వరగా కలెక్టరుకు రాతపూర్వకంగా మూడు సంగతులు తెలపాలి: ఒకటి, దొరికింది ఏమిటి, దాని మొత్తం లేదా సుమారు విలువ ఎంత; రెండు, ఎక్కడ దొరికింది; మూడు, ఏ తేదీన దొరికింది. ఆపైన దాన్ని దగ్గరి ప్రభుత్వ ట్రెజరీలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు తెచ్చి చూపిస్తానని హామీ ఇవ్వాలి. ఇది నాలుగో సెక్షన్.

మూల చట్టంలోని ఆ పది రూపాయలు ఏ కాలంనాటివో ఒక్కసారి చూడండి. 1878లో రూపాయి అంటే 11.66 గ్రాముల వెండి బిళ్ల. పది రూపాయలంటే నూరు గ్రాములకు పైగా స్వచ్ఛమైన వెండి. ఈరోజు పది రూపాయలకు గ్రాములో పదో వంతు వెండి కూడా రాదు. పైగా ఆ విలువ లోహానిదా, నాణెంగా దానికున్న ధరా అన్నది ఆ సెక్షన్ చెప్పదు. దున్నుతుంటే ఒక్క సీసపు నాణెం దొరికిన రైతు కలెక్టరుకు చెప్పాల్సిన అవసరం ఉందా లేదా? ఈ ప్రశ్నకు మండల స్థాయిలో కచ్చితమైన జవాబు చెప్పగలిగేవాళ్లు మాకు కనబడలేదు.

2. సమాచారం అందాక కలెక్టరు ప్రకటన ఇస్తారు. హక్కుదారులెవరైనా ఉంటే హాజరు కావాలని పెట్టే తేదీ, ప్రకటన వెలువడ్డాక నాలుగు నెలల కంటే ముందు ఉండకూడదు, ఆరు నెలలు దాటకూడదు. ఎవరూ రాకపోతే దాన్ని యజమాని లేని నిధిగా ప్రకటించి, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు పంచాలి. ఆ పంపకానికి ముందే ప్రభుత్వం తీసుకోదలిస్తే పదహారో సెక్షన్ ప్రకారం లోహం విలువ కట్టి, దానిమీద అయిదో వంతు కలిపి చెల్లించాలి.

అసలు అన్యాయం ఈ లెక్కలోనే ఉంది. అయిదు గ్రాముల శాతవాహన సీసపు నాణెం తీసుకోండి. సీసం కిలో 200 రూపాయలనుకుంటే ఆ నాణెంలో లోహం విలువ ఒక్క రూపాయి. అయిదో వంతు కలిపితే రూపాయి ఇరవై పైసలు. 3.3 గ్రాముల వెండి విద్ధాంక నాణేనికి (గుర్తులు గుద్దిన ప్రాచీన నాణేనికి), గ్రాము వెండి 100 రూపాయలని తక్కువలో తక్కువగా వేసుకున్నా, 330కి 66 కలిపి 396 రూపాయలు. ఇందులో భూమి యజమాని వాటా పోవాలి. కూలి మానుకుని మండలానికి, జిల్లా కేంద్రానికి తిరిగిన బస్సు ఛార్జీలు కూడా రావు. రెండు వేల ఏళ్ల చరిత్రకు చట్టం కట్టిన ధర ఇది.

3. చెప్పకపోతే మాత్రం శిక్ష గట్టిదే. ఇరవయ్యో సెక్షన్ కింద వాటా మొత్తం ప్రభుత్వానికి పోతుంది. ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆనవాలు తెలియకుండా రూపం మార్చినా ఇదే శిక్ష. కరిగించడం అందులోకే వస్తుంది. చట్టం ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ దీని గురించి ఊళ్లలో తెలిసింది ఒక్కటే: “చెబితే పోలీసులొస్తారు.” నలుగురు కూలీలు కలిసి తవ్వుతుంటే కుండ బయటపడిందనుకుందాం. ఒకరు చెబుదామంటారు, ముగ్గురు వద్దంటారు. పంచుకుంటారు. పంపకాల్లో తగాదా వస్తే విషయం పోలీస్ స్టేషన్‌కు చేరుతుంది, అప్పటికి సగం నాణేలు కంసాలి మూసలో కరిగిపోయి ఉంటాయి. మిగిలినవి కేసు ఆస్తిగా సంచీలో మూటకట్టి స్టేషన్ గదిలో పడి ఉంటాయి. దొరికినవాళ్లు నిందితులవుతారు. ఉపాధి హామీ పనిలో గడ్డపార పట్టిన మనిషికి ఈ చట్టం గురించి ముందుగా ఒక్క మాట చెప్పినవాళ్లు ఉండరు.

4. పోయేది ఎంత విలువైనదో చెప్పడానికి కోటిలింగాల ఒక్కటి చాలు. గోదావరి ఒడ్డున ఆ ఊళ్లో నేలమీద, గట్లమీద దొరికిన చిన్న నాణేలను స్థానిక సాహిత్యాభిమానులు ఏరి దాచారు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు వాటిని చదివారు. గోభద, నారన, కంవాయ, సమగోప అన్న పేర్లు, ఆపైన తొలి శాతవాహన రాజుగా చెప్పే చిముక పేరు బయటపడ్డాయి. శాతవాహనులకు ముందు ఇక్కడ పాలించినవాళ్లెవరు, శాతవాహనుల తొలి అడుగులు ఎక్కడ పడ్డాయి అన్న చర్చ మొత్తం మలుపు తిరిగింది ఆ బొత్తాలంత ముక్కల వల్లే. ఆ తర్వాత ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు ఆ ప్రాంతంలో కొంత భాగాన్ని కమ్మేశాయి. ముందే ఏరి ఉండకపోతే కొన్ని పేర్లు మనకు ఎప్పటికీ తెలిసేవి కావు. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరు తవ్వకాల్లో నాణేలు వేల సంఖ్యలో దొరికాయి. నల్లగొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేలు 1500కు పైనే. అవి కుప్పగా, లెక్కతో సహా నమోదయ్యాయి కాబట్టే ఏ చక్రవర్తి నాణేలు ఎన్ని ఉన్నాయి, ఆ మూట ఎప్పటి తర్వాత పాతిపెట్టి ఉంటారు అని చెప్పగలుగుతున్నాం. అందులోంచి వంద తీసి అమ్ముకున్నా ఆ లెక్క చెడిపోయేది.

5. ఇక డిటెక్టర్ సంగతి. మా మీద ఉన్న అనుమానానికి మూలం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోగల మామూలు యంత్రాలు సుమారు 5 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. యంత్రం అడుగున ఉండే తీగచుట్ట, అంటే కాయిల్, పంపే అయస్కాంత క్షేత్రం వల్ల నేలలోని లోహంలో సుడి ప్రవాహాలు (సుడి తిరిగే చిన్న విద్యుత్ ప్రవాహాలు) పుడతాయి. అవి తిరిగి పంపే సంకేతం ఎంత ఆలస్యంగా, ఎంత బలంగా వచ్చిందో యంత్రం కొలుస్తుంది. అంతే. ఆ ఆలస్యం లోహం విద్యుద్వాహకత మీద, ముక్క పరిమాణం మీద, మందం మీద కలిపి ఆధారపడుతుంది. అది బంగారమా, ఇంకొకటా అని తేల్చే శక్తి యంత్రానికి లేదు. చిన్న బంగారు నాణేనికి యంత్రం తెర మీద కనిపించే అంకె, మాత్రల అట్ట రేకు ముక్కకు కనిపించే అంకె ఒకటే కావచ్చు. సీసం నాణేలు, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిసిన మిశ్రలోహం) నాణేలు కూడా చిత్తు రేకుల అంకెల దగ్గరే పడతాయి. అందుకే “చెత్త వద్దు” అని యంత్రాన్ని సర్దినవాడు శాతవాహన నాణేల్లో చాలావాటిని దాటుకుంటూ పోతాడు.

లోతు సంగతీ అంతే. రూపాయి బిళ్లంత నాణెం 9–11 అంగుళాల కాయిల్‌కు మంచి నేలలో 15–20 సెంటీమీటర్ల దాకా అందుతుంది. విజయనగర కాలపు ఫణం అనే చిన్న బంగారు నాణెం లాంటిది, గ్రాములో మూడో వంతు బరువు, ఏడెనిమిది మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నది, అయిదారు సెంటీమీటర్లు దాటితే వినపడదు. కుండ నిండా నాణేలుంటే అరమీటరు నుంచి మీటరు మధ్యలో పట్టుకోవచ్చు. మన ఎర్ర నేలల్లో ఇనుప ఆక్సైడు, బసాల్టు నుంచి వచ్చిన నల్లరేగడిలో మాగ్నటైటు ఎక్కువ. గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల సంకేతాన్ని లెక్కలోంచి తీసేసే సర్దుబాటు) సరిగ్గా చేయకపోతే నేలే మోగుతుంది, కొన్ని రాళ్లు లోహంలాగే పలుకుతాయి. ఉప్పాడ తీరం లాంటి చోట తడి ఉప్పు ఇసుకకు నల్ల ఇసుక కూడా తోడవుతుంది, ఒకే పౌనఃపున్యం మీద నడిచే యంత్రం అక్కడ దాదాపు పనికిరాదు. పాత ఊరి దిబ్బల మీద ఎద్దు నాడాలు, మేకులు, కర్రు ముక్కలు విపరీతం. ఇనుప ముక్క పక్కనున్న నాణేన్ని ఇనుము సంకేతం మింగేస్తుంది.

ఇంత చెప్పింది ఎందుకంటే, “పది మీటర్ల లోతులో బంగారం చూపిస్తుంది”, “కిలోమీటరు దూరం నుంచే దిక్కు చూపిస్తుంది” అని వీడియోల్లో అమ్ముతున్న పరికరాలు చాలామంది జీవితాలను పాడుచేస్తున్నాయి. చేతిలో తిరిగే రెండు ఇత్తడి కడ్డీలకు ఒక పెట్టె తగిలించి లక్షలు గుంజుతున్నారు. అప్పు చేసి కొన్నవాడు దాన్ని రాబట్టుకోవాలని రాత్రిపూట పాత గుళ్ల దగ్గర తవ్వుతాడు. నంది కింద, ధ్వజస్తంభం మొదట్లో, గర్భగుడి గడప దగ్గర పడుతున్న గోతుల వెనక చాలాసార్లు ఇలాంటి పరికరమే ఉంటుంది. రాయిలోని ఇనుము మోగినందుకు విగ్రహం పగులుతుంది. గుప్తనిధుల ముఠాలను అరెస్టు చేస్తున్నారు, మంచిదే. వాళ్లకు ఆ పరికరం అంటగట్టి, అబద్ధం చెప్పి డబ్బు చేసుకున్నవాడి జోలికి మాత్రం ఎవరూ పోవడం లేదు.

6. నాణెం దొరికాక మొదటి గంటలోనే సగం నష్టం జరిగిపోతుంది. కుండను బోర్లిస్తారు. కుండలో నాణేలు ఏ వరసలో ఉన్నాయన్నదే ఒక ఆధారం. ఒక్కసారిగా పోశారా, ఏళ్ల తరబడి వేస్తూ వచ్చారా అన్నది ఆ వరస చెబుతుంది. తర్వాత చింతపండు, నిమ్మరసం, బూడిద, పీతాంబరి పట్టిస్తారు. రాగి నాణెం తళతళలాడుతుంది, అక్షరాలు మాత్రం పోతాయి. సీసపు నాణేనికయితే అక్షరం నిలిచి ఉండేది పైన గట్టిపడిన ఆ బూడిదరంగు పొరలోనే. ఆ పొరను గీకితే మిగిలేది నున్నటి బిళ్ల.

దాచడంలోనూ తప్పులే. సీసాన్ని చెక్కపెట్టెలో, అట్టపెట్టెలో పెడితే వాటినుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లకు కొన్నేళ్లలో తెల్లటి పొడిగా రాలిపోతుంది. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టిన రాగి నాణేలకు ఆకుపచ్చ జిగురు పడుతుంది. తీర ప్రాంతపు తేమలో రాగి, కంచు నాణేల మీద లేత ఆకుపచ్చ పొడి పొక్కులుగా లేస్తుంది. లోపల క్లోరైడు ఉన్నంతకాలం అది తింటూనే పోతుంది. అలాంటివాటిని విడదీసి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో, తేమ 40 శాతం లోపు ఉండేలా ఉంచి సంరక్షకుల దగ్గరికి చేర్చాలి. చాలా స్టేషన్లలో, తహసీల్దారు కార్యాలయాల్లో ఇవన్నీ ఒకే గుడ్డ సంచిలో కలిపి లక్క ముద్ర వేస్తున్నారు. ఇది ఎవరి దురుద్దేశమూ కాదు. వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

7. పెద్ద నష్టం ఇంకొకటి అందరి కళ్ల ముందే జరుగుతోంది. చెరువుల పూడిక తీస్తున్నాం, కాలువలు తవ్వుతున్నాం, రోడ్లు వెడల్పు చేస్తున్నాం. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి ఎన్నో చెరువుల మట్టి ట్రాక్టర్లలో పొలాలకు చేరింది. పాత చెరువు గట్టు పక్కన పాత ఊరు ఉంటుంది. ఆ మట్టిలో కాసులు, దుడ్లు, పూసలు, పెంకులు ఉంటాయి. యంత్రం తవ్వి పోసిన మట్టిలో పొరలు ఎలాగూ చెదిరిపోయాయి. అక్కడ డిటెక్టర్ వాడితే శాస్త్రానికి కొత్తగా కలిగే నష్టం లేదు, వాడకపోతే ఆ నాణేలు ఎరువుతో పాటు మట్టిలో కలిసి క్రమంగా పాడవుతాయి. తెలిసిన చేతులతో, మీ పర్యవేక్షణలో చేయగల పని ఇది. ఇప్పటిదాకా ఒక్క పూడికతీత అంచనాలోనూ దీనికి పైసా కేటాయించిన దాఖలా మాకు కనబడలేదు.

మా డిమాండ్లు

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తున్నాం. రక్షిత స్థలాల్లోకి డిటెక్టర్‌తో పోనివ్వమని మేం అడగడం లేదు. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల నిషేధిత ప్రాంతం, ఆ పైన 200 మీటర్ల నియంత్రిత ప్రాంతం ఉన్నాయి. అక్కడ కాయిల్ ఊపినవాడిని మేం సమర్థించం. చెదరని పొరలోంచి నాణెం పీకితే చేతికి వచ్చేది లోహం ముక్క మాత్రమే, దాని కాలం చెప్పే ఆధారం అక్కడే నాశనమవుతుంది. సరదా కోసం ఆ పని చేసేవాళ్లు మా పేరు వాడుకోవద్దు.

1. గ్రామ స్థాయిలో ఒక్క పేజీ తెలుగు ఫారం పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో, తెలంగాణలో పంచాయతీ కార్యాలయంలో అది దొరకాలి. నాలుగో సెక్షన్ అడిగే మూడు వివరాలతో పాటు సర్వే నంబరు, లోతు, మట్టి రంగు, కుండ ఉందా లేదా అన్నవి చాలు. అదే రోజు రసీదు ఇవ్వాలి. రసీదులో నాణేల సంఖ్య, మొత్తం బరువు గ్రాముల్లో, రెండువైపులా స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటో, ఇచ్చినవారి, తీసుకున్నవారి సంతకాలు ఉండాలి. “పాత నాణేలు, ఒక సంచి” అని రాసే పద్ధతి పోవాలి. సంఖ్య రాయని సంచిలో మధ్యలో ఎన్ని తగ్గాయో ఎవరూ తేల్చలేరు.

2. దొరికిన పదిహేను రోజుల్లోపు తనంతట తాను చెప్పినవారి మీద కేసు పెట్టకూడదని రాతపూర్వక ఉత్తర్వు ఇచ్చి, ప్రతి పోలీస్ స్టేషన్ నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించండి. దొరికినవారి ఇల్లు సోదా చేయడం మొదటి అడుగు కాకూడదు. రాత్రిపూట గుడి తవ్వినవాడికీ, పొలం దున్నుతుంటే దొరికినవాడికీ తేడా ఎఫ్ఐఆర్ రాసే ముందే కనిపించాలి.

3. బహుమానం లెక్క మార్చండి. నిధి నిక్షేపాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా 44వ అంశం. అంటే ఈ చట్టాన్ని సవరించే అధికారం మన శాసనసభలకే ఉంది, ఢిల్లీ వైపు చూడాల్సిన పని లేదు. లోహం విలువ, దానిమీద అయిదో వంతు అన్నది కనీస మొత్తంగా మాత్రమే ఉండాలి. నాణెంగా దానికున్న విలువను ముగ్గురు నాణేల నిపుణులు కట్టాలి, ఆ మొత్తం 90 రోజుల్లో బ్యాంకు ఖాతాలో పడాలి. కౌలు రైతు, కూలీ, భూమి యజమాని వాటాలు ముందే ప్రకటించండి. లేకపోతే కుండ దొరికిన రోజే ఊళ్లో కొట్లాట మొదలవుతుంది.

ఇది సాధ్యమేనా అనేవారికి బ్రిటన్ ఉదాహరణ ఉంది. అక్కడ 1996 చట్టం కింద నిధి దొరికినవారు 14 రోజుల్లో తెలపాలి. మ్యూజియం తీసుకుంటే ఒక కమిటీ మార్కెట్ విలువ కట్టి చెప్తుంది, దొరికినవారికి, భూమి యజమానికి సాధారణంగా చెరిసగం. నిధి కిందికి రాని విడి నాణేలను కూడా స్వచ్ఛందంగా చూపించి నమోదు చేయించుకునే పథకం 1997లో మొదలైంది. ఇవాళ ఆ జాబితాలో పది లక్షలకు పైగా వస్తువులున్నాయి, ఎవరైనా చూడొచ్చు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు ఈ సరదాలో దిగినా అదే క్రమం: ముందు భూమి యజమాని అనుమతి, రక్షిత స్థలాల జోలికి పోకపోవడం, దొరికింది చూపించడం. ఆ వ్యవస్థను యథాతథంగా తెమ్మని అనడం లేదు. మన నేలలో పురాతన స్థలాలు ఎక్కువ, కాపలా తక్కువ. ఇష్టమొచ్చినట్టు తవ్వుకునే స్వేచ్ఛ ఇక్కడ ప్రమాదమే. చెప్పినవాడిని గౌరవించే భాగం మాత్రం మనకు అత్యవసరం.

4. తవ్విపోసిన మట్టిని జల్లెడపట్టే పని మాకు అప్పగించండి. ప్రయోగాత్మకంగా రాష్ట్రానికి ఒక్క జిల్లా చాలు. పద్ధతి ఇది: పూడిక మట్టిని చదునైన చోట 10–15 సెంటీమీటర్ల మందం మించకుండా పరచాలి. ప్రతి ట్రాక్టరు లోడుకు ఒక నంబరు, చెరువులో ఏ వైపు నుంచి తెచ్చారో ఒక వాక్యం రాయాలి. ముందు అయస్కాంతంతో ఇనుము ఏరేయాలి. ఆపైన మీటరు వెడల్పు తాళ్ల వరసల్లో, కాయిల్ నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున, ప్రతి ఊపు ముందటి ఊపును సగం కప్పేలా నడవాలి. లోహ విభజన (కొన్ని లోహాలకు మోగకుండా యంత్రాన్ని ఆపే అమరిక) పూర్తిగా ఆపేసి, మోగిన ప్రతిదీ తీయాలి. లేకపోతే సీసం, పోటిన్ తప్పిపోతాయి. ఒకసారి అయ్యాక మట్టి తిరగేసి, మొదటి వరసలకు అడ్డంగా మళ్లీ నడవాలి. ఒక మనిషి ఇలా రోజుకు పావెకరం మించి చూడలేడు, అంతకంటే వేగంగా చేశానన్నవాడిని నమ్మకండి. దొరికిన ప్రతి నాణేనికీ విడి పాలిథిన్ సంచి, లోడు నంబరు, 0.01 గ్రాము వరకు బరువు, మిల్లీమీటర్లలో వ్యాసం నమోదు కావాలి. సాయంత్రం మీ ఉద్యోగి ముందు లెక్క, సంతకం. దొరికినదంతా ప్రభుత్వానిదే, పనిచేసినవారికి అందులో వాటా ఉండదని ముందే రాసి ఇస్తాం. కూలి కూడా అడగం.

5. డిటెక్టర్ల అమ్మకాలపై కన్నేయండి. వాడకమే నిషేధిస్తే దొంగతనంగా వాడేవాళ్లే మిగులుతారు. అమ్మేవారు కొన్నవారి వివరాలు నమోదు చేయాలి. పెట్టె మీద తెలుగులో రెండు వాక్యాలు ఉండాలి: రక్షిత స్థలాల్లో వాడడం నేరం, నేలలో దొరికింది కలెక్టరుకు తెలపాలి. లోతు, దూరం, “బంగారం మాత్రమే” అంటూ చేసే అబద్ధపు ప్రచారాన్ని వినియోగదారుల రక్షణ చట్టం కింద, మోసం కింద విచారించండి.

6. ప్రతి జిల్లాలో ఒక ఉద్యోగికైనా నాణేల ప్రథమ చికిత్స నేర్పించండి. పూట సరిపోతుంది. ఒక పెట్టెలో పాలిథిన్ జిప్ సంచులు, సిలికా జెల్, 0.01 గ్రాము తూనిక, మిల్లీమీటరు స్కేలు, మెత్తటి గుడ్డ పట్టీలు ఉండాలి. కుండ దొరికితే అందులోని మట్టితో సహా పట్టీ చుట్టి నిటారుగా తీసుకురావాలి. ఏ నాణేన్నీ కడగకూడదు. ఇదే సంగతి ఉపాధి హామీ మేట్లకు, పొక్లెయిన్ డ్రైవర్లకు, కాంట్రాక్టర్లకు పని మొదలవకముందే చెప్పాలి. నిజానికి అందరికంటే ముందు నాణేన్ని చూసేది వాళ్లే.

7. ఇప్పటివరకు నిధి చట్టం కింద చేరిన నాణేల జాబితా జిల్లాలవారీగా ప్రచురించండి: ఊరు, సంవత్సరం, సంఖ్య, లోహం, ఇప్పుడెక్కడ ఉన్నాయి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం నాణేల సంపదకు పేరున్నది. తమ ఊళ్లో దొరికిన కుండ ఎక్కడుందో ఆ ఊరి పిల్లలు చూడగలిగితే, రేపు ఇంకో కుండ దొరికినప్పుడు దాన్ని అప్పగించడానికి ఆ ఊరికి ఒక కారణం ఉంటుంది. కేసుల్లో చిక్కి స్టేషన్లలో ఉన్న నాణేలను కోర్టు అనుమతితో ఫొటోలు తీసి, తూచి, మ్యూజియం భద్రతకు మార్పించండి. తీర్పు వచ్చేదాకా సీసం ఆగదు.

ఇందులో రెండో, ఆరో డిమాండ్లకు కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. ఒక ఉత్తర్వు చాలు. వచ్చే వేసవి పూడికతీత పనులు మొదలయ్యేలోపు ఈ రెండింటి మీద, నాలుగో అంశంలోని ప్రయోగం మీద రాతపూర్వక సమాధానం ఇవ్వాలని కోరుతున్నాం. అడిగితే ఏ జిల్లాకైనా సొంత ఖర్చుతో వచ్చి, మీ సిబ్బందికి యంత్రం పట్టుకోవడం దగ్గర నుంచి నాణెం తూచడం వరకు నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
నాణేల అధ్యయనంలో, డిటెక్టర్ల వాడకంలో అనుభవమున్న
రెండు తెలుగు రాష్ట్రాల పౌరులు